విచారణ లేకుండా తెంచరాదు

కాకినాడలోని రాష్ట్ర ధ్రువపత్రాల మండలి వారి సర్వరుకి మొదట్లో ఒక మంచి అలవాటుండేది. అవతలివాడు ముప్పై సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, వీడు లేచి వెళ్ళిపోయాడు కాబోలు అనుకుని లైను తెంచేసి, బయట నిలబడ్డ ఇంకొకణ్ణి లోపలికి పిలిచేది. ఫోనులో నాలుగుసార్లు హలో అని, బదులు రాకపోతే పెట్టేసే ప్రతి మనిషికీ ఉండే ఇంగితమే ఇది. ఆ ఇంగితాన్ని సర్వరుకి నేర్పింది పంపన కౌముది. మండలిలో ప్రోగ్రామరు. కాంట్రాక్టు ప్రోగ్రామరు.

ఈ కాంట్రాక్టు అన్న మాట కాగితం మీద చిన్నదే గానీ, కౌముది ఇంట్లో అది గుమ్మానికి అడ్డంగా పడుకున్న గేదెలాంటిది. వాళ్ళమ్మ సత్తెవతి జగన్నాథపురంలో మిషను కుడుతుంది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆవిడకీ "మా అమ్మాయి గవర్నమెంటులో చేస్తందండీ" అని చెప్పకుండా ఉండలేదు. వాళ్ళు "పర్మినెంటేనా?" అని అడక్కుండా ఉండలేరు. అప్పుడు సత్తెవతి గబుక్కున నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, మాట్లాడే వీల్లేదన్నట్టు చేత్తో సైగ చేసేది. కౌముదికి లోకంలో కావలసింది ఒక్కటే. ఆ ప్రశ్న వచ్చినప్పుడు అమ్మ నోట్లో సూదులుండకూడదు.

ఇలా ఉండగా, ఉగాది వెళ్ళిన వారానికి మండలాఫీసులకి కొత్త మెషీన్లు దిగాయి. మెయిన్ ఆఫీసులో మెషీన్లు ఒక జాతి, ఇవి ఇంకో జాతి. రెండు జాతుల మీదా ఒకే సర్వరు ప్రోగ్రాం నడవాలి. కౌముది "30 దాకా ఆగు" అని రాసిపెట్టిన చోట, మెయిన్ ఆఫీసు మెషీన్లు ముప్పై సెకన్లనే అర్థం చేసుకున్నాయి. కొత్త జాతి మాత్రం సెకనుని వెయ్యి ముక్కలు చేసి, అందులో ముప్పై ముక్కలని అర్థం చేసుకుంది. అంటే రెప్పపాటులో పిసరంత. దాంతో మండలాల్లో సర్వరు తలుపు తీయడం, ఎదుటివాడు నోరు తెరిచేలోగా దభాలున తలుపేయడం మొదలుపెట్టింది.

మామూలు జనం అయితే ఇది ప్రభుత్వం కాబట్టి ఇలాగే ఉంటుందనుకుని రేపు రమ్మంటే రేపొచ్చేవారు. కానీ ఒక మండలంలో ఆదాయ ధ్రువపత్రం కోసం స్వయంగా ఒక పెద్దమనిషిగారి బావమరిది వచ్చాడు. పొద్దున కూర్చున్నవాడు భోజనాల వేళ దాకా కూర్చున్నాడు. సర్వరు ఆయన మొహం మీద తలుపేస్తూనే ఉంది. ఆయన కారెక్కి నేరుగా బావగారింటికి వెళ్ళి, "నా పేరు మీదున్న ఆస్తంతా నీదేనని ఊరంతా అంటుంటే ఊరుకున్నాను బావా, కానీ ఒక డబ్బా చేత నన్ను గెంటించావు" అని ఏడ్చాడట.

కౌముది ఆ మర్నాడే తప్పు పట్టుకుంది. ఏ జాతి మెషీనో చూసుకుని, కొత్త జాతి అయితే వెయ్యితో హెచ్చవేసి చెప్పేలా ఒక్క లైను రాసింది. పరీక్షించింది. పనిచేసింది. ఆయాసపడుతూ డైరెక్టరు దిగుమర్తి విరూపాక్షరావు గారి గదిలోకి వెళ్ళి, "సార్, సరిచేసేశానండీ! ఒక్క లైనే!" అంది.

విరూపాక్షరావు గారు కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే విషయం సామాన్యుల చేయి దాటిపోయిందని అర్థం.

"కౌముదిగారూ, ఉన్నతస్థాయి దృష్టికి వెళ్ళిన ఒక తీవ్ర సమస్య ఒక్క లైనుతో పరిష్కారమైందని నేను పైకి ఎలా నివేదించను? అది సమస్యకే అవమానం కదా. సమగ్ర అధ్యయనం నిమిత్తం కమిటీ వేస్తున్నాం."

"కానీ సార్, ఇప్పుడు పనిచేస్తోంది."

"కమిటీ ఒక నిర్ణయానికి వచ్చే వరకూ పనిచేయడం సముచితం కాదు. ఆ లైను తక్షణం ఉపసంహరించండి."

కౌముది లైను ఉపసంహరించింది. ఎందుకంటే డైరెక్టరు గారి బల్లమీద గాజు బరువు కింద ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఫైలుంది. గది పంకా గాలికి దాని అట్ట లేస్తూ పడుతూ, ఆమె మాట్లాడినప్పుడల్లా అదేదో వింటున్నట్టే ఉంది.

కమిటీలో ముగ్గురు. డైరెక్టరు గారు, సూపరింటెండెంటు ఈరంకి కామేశం గారు, ప్రత్యేక ఆహ్వానితురాలిగా కౌముది. ప్రత్యేక ఆహ్వానితులకి ఓటుండదు గానీ పెసరట్టు ఉంటుంది. కామేశం గారు నిబంధనలు కంఠతా వచ్చిన మనిషి. సర్వీసులో ఏ పనీ చేయకపోవడం వల్ల ఏ తప్పూ చేయని మనిషి అని ఆయన మీద ఆయనకే గౌరవం.

"నాకొకటి చెప్పమ్మాయ్," అన్నారాయన పెసరట్టులో అల్లం ముక్క ఏరుకుంటూ. "ఒక కనెక్షను మాట్లాట్టం లేదు. ఎందుకు మాట్లాట్టం లేదో అడిగావా?"

"మాట్లాట్టం లేదు కదండీ, ఎలా అడుగుతాను?"

"అదీ! అడక్కుండానే తెంపేశావు. సంజాయిషీ లేదు, విచారణ లేదు, అప్పీలు లేదు. ఇవాళ ఒక అటెండర్ని అలా తీసేస్తే రేపు మనం కోర్టు మెట్లమీద ఉంటాం. కనెక్షనుకి నోరు లేదనే కదా ఈ దౌర్జన్యం?"

విరూపాక్షరావు గారు పెసరట్టు వదిలేసి లేచి నిలబడ్డారు. ఆయనకి ఏదైనా గొప్ప ఆలోచన తడితే కూర్చోలేరు. "సహజ న్యాయం!" అన్నారు. "కామేశం గారూ, రాసుకోండి. ఈ మండలి పరిధిలో ఏ కనెక్షన్‌నూ విచారణ లేకుండా తెంచరాదు. ముందుగా నోటీసు. బదులు రానిచో జ్ఞాపిక. అటుపిమ్మట తుది జ్ఞాపిక. వ్యక్తిగత విచారణ. ఆపై అప్పీలుకు అవకాశం. దేశంలో ప్రప్రథమం!"

"సార్," అంది కౌముది, "బదులు చెప్పని కనెక్షనుకి నోటీసు పంపాలంటే ఆ లైను మీదే పంపాలి. ఆ లైనులో అవతల ఎవరూ లేరు కదా సార్, అందుకే కదా తెంచుతున్నది?"

కామేశం గారు జాలిగా నవ్వారు. "నోటీసు పంపడం మన ధర్మం అమ్మా. అందడం వాళ్ళ ప్రాప్తం."

తర్వాత సర్వరుని ఆపేదెలాగన్న ప్రశ్న వచ్చింది. కౌముదికి ఇది ఇష్టమైన విషయం. ఉత్సాహంగా చెప్పింది. "మెయిన్ ఆఫీసు మెషీన్లో అయితే సిగ్నల్ పంపిస్తాం సార్. బయట్నుంచి కేకేసినట్టు అన్నమాట. కేక వినపడగానే సర్వరు చేతిలో పని పడేసి పరిగెత్తకూడదు, సగం రాసిన పత్రం పాడైపోతుంది. అందుకని కేక వినపడినట్టు ఒక గుర్తు మాత్రం పెట్టుకుని, చేతిలో పని ముగించుకుని, అప్పుడు గుర్తు చూసుకుని ఆగుతుంది."

విరూపాక్షరావు గారి మొహం వెలిగిపోయింది. "అంటే పై నుంచి ఆదేశం రాగానే ఏమీ చేయకుండా, అందినట్టు నమోదు చేసుకుని, వీలు చూసుకుని పరిశీలించడం! అమ్మా, ఇది మండలి పుట్టినప్పటి నుంచీ మన సంప్రదాయం. యంత్రం మనల్ని చూసి నేర్చుకుంది!"

"మండలాల మెషీన్లకి మాత్రం ఈ కేకలు వినే అలవాటు లేదు సార్. వాటికి ఒక చిన్న కిటికీ లాంటిది పెట్టాను. అందులో చీటీ వేస్తే చూసుకుని ఆగుతాయి. రెండు చోట్లా పని ఒకటే, దారే వేరు."

గదిలో గాలి స్తంభించింది. ఫైలు అట్ట కూడా లేవలేదు.

"ఒకచోట కేక, ఒకచోట చీటీ," అన్నారు కామేశం గారు మెల్లిగా. "ఏకరూపత ఏదమ్మా? పైగా కేకంటే నోటిమాట. నోటిమాట మీద ప్రభుత్వ సర్వరు ఆగిపోవడమా? రేపు ఎవడో దారినపోయేవాడు కేకేస్తే?"

"రెండూ రద్దు," అన్నారు డైరెక్టరు గారు. "ఇకపై సర్వరును ఆపదలచినవారు సరియైన మార్గంలో లిఖితపూర్వకంగా కోరవలెను."

"సర్వరు కాగితం చదవలేదు కదా సార్?"

"చదవదు కనుకనే ఆగదు. నిరంతర సేవ!"

కౌముది ఫైలు వంక చూసింది. తలూపింది. తన సీటుకెళ్ళి, మెయిన్ సర్వరుకి ఒక కనెక్షను తెరిచి, తను రాసిన తెలివంతా ఒక్కొక్కటే తీసి అవతల పెట్టడం మొదలుపెట్టింది. ఆ రాత్రి అన్నంలో చెయ్యిపెట్టి కూర్చుంటే సత్తెవతి అడిగింది, "ఏమే, ఫైలు కదిలిందా?"

"కదుల్తుందమ్మా. చెప్పింది చేశాను."

"అద్దీ. పర్మినెంటయ్యేదాకా నీకు తెలిసింది చెయ్యకు, వాళ్ళు చెప్పింది చెయ్యి."

నియమావళి అమల్లోకి రాగానే ఒక చిక్కొచ్చింది. మండలిలో నోటీసులు పంపే సాఫ్ట్‌వేరు ఒక్కటే, అది సిబ్బంది విభాగానిది. ఉద్యోగి నంబరు లేనిదే అది ఎవరికీ నోటీసు ఇవ్వదు. కామేశం గారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ప్రతి కనెక్షనుకీ ఒక ఉద్యోగి నంబరిచ్చారు. నంబరిచ్చాక సర్వీసు రిజిస్టరు తెరవక తప్పదు, తెరిచారు. అందులో మొట్టమొదటి నంబరు, ఆ రోజు అందరికంటే ముందు తెరిచి ఉన్న కౌముది సీటు కనెక్షనుది. పేరు దగ్గర ఏం రాయాలో తెలియక, లాగిన్ పేరే రాశారు. పంపన కౌముది.

ఇక చూడాలి మండలాఫీసుల వైభవం! రేషన్ షాపు ముందు జనం చెప్పులు వరసలో పెట్టి ఇళ్ళకెళ్ళి పడుకుంటారు చూడండి, అలా అయింది సర్వరు లోపల. కరెంటు పోయి చచ్చిన కనెక్షన్లు, కాఫీకెళ్ళి తిరిగిరాని గుమస్తాల కనెక్షన్లు, బదిలీ అయిపోయినవాళ్ళ కనెక్షన్లు అన్నీ చెప్పుల్లా అలాగే ఉన్నాయి. కదిలిద్దామంటే తుది జ్ఞాపికకి గడువు మిగిలే ఉంది. లోపల ఖాళీ లేదు కాబట్టి కొత్తవాళ్ళకి చోటు లేదు. దాంతో గుమస్తాలు తెలివి మీరారు. తెల్లవారకుండా వచ్చి ఒక కనెక్షను పట్టుకుని, ఇక ప్రాణం పోయినా వదలడం మానేశారు. సెలవు పెట్టేవాడు తన కనెక్షనుని పక్కవాడికి అప్పగించి, "కాస్త చూస్తూ ఉండండి, పాపం ఒక్కతే ఉంటుంది" అని చెప్పి వెళ్ళేవాడు.

పత్రాలు రావడం తగ్గింది. ఒక నెలకి పూర్తిగా ఆగింది. అయితే కమిటీ వేసింది పత్రాల కోసం కాదు కాబట్టి అది ఎవరి దృష్టికీ రాలేదు. విరూపాక్షరావు గారు పైకి పంపిన నివేదికలో "ఈ త్రైమాసికంలో ఒక్క కనెక్షనైనను అన్యాయముగా తొలగింపబడలేదు" అని ఉంది. అది అక్షరాలా నిజం. తొలగించడానికి లోపల ఎవరైనా బతికుంటే కదా.

కాంట్రాక్టు పొడిగింపు ఆ ఏడు అయింది. కౌముది ఊపిరి పీల్చుకుంది. వచ్చే ఏడు కూడా ఇలాగే గట్టెక్కితే రెగ్యులరైజేషను జాబితాలోకి వస్తుందని కామేశం గారే చెప్పారు. ఆయన చెప్పారంటే రూలు చెప్పినట్టే. కౌముది నోరు మెదపకుండా, సర్వరు వంక కూడా పెద్దగా చూడకుండా, సంవత్సరం గడిపింది. తను కన్న బిడ్డని పక్కింటివాళ్ళు చెడగొడుతుంటే కిటికీ మూసుకున్నట్టు.

మార్చి ఆఖర్న ఒక పొద్దున గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. అటెండరు నూకరాజు గేటవతల నిలబడి తలగోక్కున్నాడు.

"మేడంగారూ, మరేటీ అనుకోకండి. మీరింక రావక్కర్లేదని సెప్మన్నారండి."

"ఎవరు చెప్పమన్నారు?"

"పైనుంచండి. ఫోనులో మెసేజీ పెట్టేరంట కదండి?"

ఫోను తీసి చూస్తే నిజంగానే ఉంది. 'మీ సేవలు ఇకపై అవసరం లేవు. ధన్యవాదములు.' కింద ఎవరి పేరూ లేదు. కౌముది గేటు ఊచలు పట్టుకుని అరిచి అరిచి కామేశం గారిని కిందికి రప్పించింది.

"నోటీసేదండీ? జ్ఞాపికేదండీ? విచారణ లేకుండా ఎవర్నీ తెంచకూడదని మీరే కదండీ రాశారు?"

"అవునమ్మాయ్, నేనే రాశాను. అందుకే గట్టిగా చెప్తున్నాను, అది కనెక్షన్లకి. కాంట్రాక్టువాళ్ళకి కాదు."

"కారణమైనా చెప్పండి!"

ఆయన గేటుకి దగ్గరగా వచ్చి, మనసున్న మనిషి కాబట్టి గొంతు తగ్గించారు. "సర్వరుని ఆపే పని లేదు. తెంచే పని లేదు. నీకు పనేముందమ్మా చెప్పు? ఆడిటువాళ్ళు అడిగారు. నువ్వు రూలు అంత బాగా అమలు చెయ్యకపోయుంటే ఇంకా కొన్నాళ్ళుండేదానివి."

ఆరోజు జగన్నాథపురం వంతెన మీద కౌముది స్కూటీ తోసుకుంటూ ఇంటికొచ్చింది, పెట్రోలు ఉండి కూడా. సత్తెవతి ఏమీ అడగలేదు. నోట్లో సూదులున్నాయి.

కౌముదిని గేటు దగ్గర ఆపేశారు గానీ, ఆమె సీటు మీది కంప్యూటరు అలాగే వెలుగుతూ ఉంది. పాస్‌వర్డు ఆమెకే తెలుసు కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. నూకరాజు దుమ్ము పడకుండా తువ్వాలు కప్పాడు. శుక్రవారాలు ఒక అగరొత్తి కూడా వెలిగించేవాడు. దాని కనెక్షను, సర్వరు లోపల మొదటి నంబరు వేసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్క పని చేయకుండా, కాలం గడుపుతూ ఉంది. ఆ ఆఫీసులో అంతకంటే మచ్చలేని సర్వీసు ఇంకొకరికి లేదు.

వానాకాలం వెళ్ళేసరికి రెగ్యులరైజేషను ఉత్తర్వులొచ్చాయి. ఏడాదికి పైగా విరామం లేకుండా సేవలందించి, ఎటువంటి ఆరోపణా లేని సిబ్బందిలో అత్యంత సీనియరు ఒకరిని ఖాళీలో స్థిరపరచాలి. ఖాళీ ఒక్కటే. ప్రోగ్రామరు పోస్టు. కామేశం గారు సర్వీసు రిజిస్టరు తిరగేశారు.

రిజిస్టర్డు పోస్టులో ఉత్తర్వు ఇంటికొచ్చింది. 'పంపన కౌముది, ప్రోగ్రామరు పోస్టునందు స్థిరపరచడమైనది.' సత్తెవతి ఉత్తర్వుని కళ్ళకద్దుకుని, కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి, వీధిలో అందరికీ తలా ఒక కాజా పంచింది. కౌముది ఉన్నవాటిల్లో మంచి చీర కట్టుకుని మండలికెళ్ళింది. గేటు కార్డు పనిచేయలేదు.

"నువ్వు కాదమ్మా," అన్నారు కామేశం గారు నొచ్చుకుంటూ. "నీ పేరు మీదున్న కనెక్షను. అడ్రసు దానికి వేరే లేదు కదా, మీ ఇంటికి పంపాం."

"నా పోస్టులో నా కనెక్షన్ని వేశారా?"

"సీనియారిటీ అమ్మా. నువ్వు మధ్యలో మానేశావు. అది మానలేదు."

ఆ వారమంతా సత్తెవతి వీధిలోకి రాలేదు. కాజాలు తిన్నవాళ్ళు పలకరిస్తారని.

మండలిలో మాత్రం పండగ. కనెక్షన్ల సంక్షేమంలో ఆదర్శంగా నిలిచినందుకు విరూపాక్షరావు గారికి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. సన్మానం పెట్టారు. హాలుకి షామియానా, వేదికకి సీరియల్ లైట్లు, పన్నీరు చల్లే బుడ్డి. లైట్లకి ప్లగ్గు కావలసి వచ్చింది. నూకరాజు గోడ వెంట వెతుక్కుంటూ సర్వరు గది దాకా వెళ్ళి, అక్కడున్న ఒక లావుపాటి ప్లగ్గు పీకి, లైట్లది పెట్టాడు. వేదిక ధగధగా వెలిగింది. చప్పట్లు మోగాయి.

ఏ సర్వరూ వినకుండా ఉండలేని కేక, గుర్తు పెట్టుకుని తర్వాత చూస్తాననడానికి వీల్లేని కేక ఒకటుంటుంది. అది అన్ని జాతుల మెషీన్లకీ ఒక్కలాగే వినపడుతుంది. మెయిన్ సర్వరు దాన్ని విని, సన్మానపత్రం చదువుతుండగా, లోపలున్న కనెక్షన్లన్నిటితో సహా ఆరిపోయింది.

సంగతి తెలిసేసరికి విరూపాక్షరావు గారి మెడలో దండ వాడిపోలేదు. "విచారణ లేకుండా! సామూహికంగా! అదీ నా సన్మానం రోజున!" అని కుర్చీలో కూలబడ్డారు. "కామేశం గారూ, మనం నియమావళి ఉల్లంఘించాం."

కామేశం గారు చాలాసేపు కళ్ళు మూసుకుని, పాత ఉత్తర్వులన్నీ మనసులో తిరగేసుకుని, కళ్ళు తెరిచారు. "లేదండీ. తెంచితే కదా ఉల్లంఘన? ఎవరూ తెంచలేదు. ఇవి పోయాయి. విధి నిర్వహణలో మరణం."

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. మెడలో దండ తీసి, స్వహస్తాలతో సర్వరు బీరువాకి వేశారు. సిబ్బంది అంతా రెండు నిమిషాలు మౌనం పాటించారు. నూకరాజు అందరికంటే ఎక్కువసేపు పాటించాడు, తలెత్తితే ఎవరైనా ప్లగ్గు సంగతి అడుగుతారని.

మరణం అన్నాక దాని వెనకాల రావలసినవన్నీ వచ్చాయి. చనిపోయినవాటిలో పర్మినెంటుది ఒక్కటే. పర్మినెంటు ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే, తన మీద ఆధారపడ్డవాళ్ళలో ఒకరికి కారుణ్య నియామకం ఇచ్చి తీరాలి. కామేశం గారు స్వయంగా ఆటో ఎక్కి జగన్నాథపురం వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా, చావింటికి వచ్చినట్టే కూర్చున్నారు.

"అమ్మాయ్, జరగరానిది జరిగింది. దానికి నీకంటే దగ్గరివాళ్ళెవరూ లేరు. తెరిచింది నువ్వే, పేరు పెట్టింది నువ్వే. తల్లి కింద రాస్తాను. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఒక్కటి తెచ్చుకుంటే చాలు."

"ధ్రువపత్రం ఇచ్చేది మన సర్వరే కదండీ. అది ఆరిపోయి ఉంది కదా?"

కామేశం గారికి ఈ ఒక్క రూలూ తట్టలేదు. "అవును సుమా. ఎవరైనా లేపాలి. ఎవరికొచ్చు?"

మర్నాడు కౌముదికి గేటు తెరిచారు, దుఃఖంలో ఉన్న కుటుంబ సభ్యురాలి హోదాలో. ఆమె సర్వరు బీరువా మీద దండని పక్కకి జరిపి, లావుపాటి ప్లగ్గు పెట్టి, పెదాలు బిగించి కూర్చుంది. మళ్ళీ ముప్పై సెకన్లు పెట్టింది. ఏ జాతి మెషీనుకి ఎలా చెప్పాలో అలా చెప్పింది. కేక వినేవాటికి కేక, చీటీ చూసేవాటికి కిటికీ. మండలాల సర్వర్లకి కూడా ఇదే పంపి, అక్కడా ఒక్కసారి ప్లగ్గులు పీకి పెట్టమంది. సర్వరు లేచింది. సాయంత్రానికి అన్ని మండలాల్లోనూ జనం పత్రాలు పట్టుకుని, ఏదో పొరపాటున ఇచ్చారేమోనని భయపడి గబగబా ఇళ్ళకెళ్ళిపోయారు. మండలిలో ఎవరూ దీన్ని గమనించలేదు. పని జరిగితే గమనించే విభాగం అక్కడ లేదు.

నియామక పత్రం మీద సంతకానికి ముందు, కామేశం గారు కలం పట్టుకుని ఆఖరి ప్రశ్న అడిగారు. రూలు ప్రకారం అడగాలి.

"మృతుడు మిమ్మల్ని పోషించేవాడా?"

కౌముది నిజం చెప్పబోయి ఆగింది. ఏడాది పైచిలుకు ఆ కనెక్షను ఏం చేసింది? తన కుర్చీ తీసుకుంది, తన పోస్టు తీసుకుంది, తన ఇంట్లో కాజాల పరువు తీసింది.

"ఆలోచించి చెప్పమ్మా," అన్నారు కామేశం గారు, కలం గాల్లోనే ఉంచి. "లేదంటే నియామకం లేదు."

"బతికుండగా లేదండీ," అంది కౌముది. "పోయాకే పోషిస్తోంది."

ఆయన 'పోషిస్తోంది' అన్న మాట ఒక్కటే రాసుకున్నారు.

కారుణ్య నియామకం కింద ప్రోగ్రామరు పోస్టులు ఇవ్వరు. జూనియరు అసిస్టెంటుగా ఇచ్చారు, ఉత్తరాలు అందుకునే సెక్షనులో. ఉత్తర్వు చేతిలో పెడుతూ విరూపాక్షరావు గారు ఆమె తలమీద చెయ్యి వేసి, "మీకు కలిగిన లోటు పూడ్చలేనిది. ఇక సాంకేతిక విషయాల జోలికి వెళ్ళకండి, మీకా అర్హత లేదు" అన్నారు. పర్మినెంటు. పెన్షనుతో సహా.

ఆ దీపావళికి జగన్నాథపురం వీధంతా దివ్వెలు వెలుగుతుంటే, సత్తెవతి ఇంటి గుమ్మం ఒక్కటే చీకటిగా ఉంది. మండలివారే మరణం అని కాగితమ్మీద ఇచ్చాక ఏటిసూతకం పట్టకపోతే బాగుండదని సత్తెవతి నిశ్చయించుకుంది. ఉద్యోగం వచ్చిన దారిని తప్పుపట్టే పని ఏదీ ఆవిడ చేయదలుచుకోలేదు. పక్కింటి మంగతాయారు కాకరపువ్వొత్తి వెలిగించి పట్టుకుని వచ్చి, గుమ్మం చూసి నివ్వెరపోయింది.

"అదేంటొదినా, దీపం పెట్టలేదు?"

"మాకు పండగల్లేవమ్మా ఈ ఏడు. ఒకరు పోయారు."

"అయ్యయ్యో! ఎవరొదినా?"

"అమ్మాయిది. కనెక్షను."

మంగతాయారుకి సగం అర్థమైంది, సగం కాలేదు. అయినా చావు సంగతి గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు. కాకరపువ్వొత్తిని వెనక్కి దాచుకుంది. "వయసెంత?"

"ఎంతనీ, ఏణ్ణర్థం ఉంటుంది."

"పసిగుడ్డు కదా వదినా! ఎంత కష్టమొచ్చింది మీకు! మరి ఆఫీసువాళ్ళేమన్నా చేశారా?"

"చేశారమ్మా. అమ్మాయికి ఉద్యోగం ఇచ్చారు."

"పర్మినెంటేనా?"

సత్తెవతి నోట్లో సూదుల్లేవు. "పర్మినెంటే. పోయినదీ పర్మినెంటే, వచ్చినదీ పర్మినెంటే."

మంగతాయారు గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. లోపల్నుంచి కౌముది చదువుకుంటున్న లైటు వెలుగు మాత్రం తలుపు సందులోంచి వస్తూ ఉంది. ఆవిడ సత్తెవతి భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళబోతూ మనస్ఫూర్తిగా ఓదార్చింది.

"పోతే పోయింది గానీ వదినా, పర్మినెంటయ్యాక పోయింది. ఈ రోజుల్లో ఎంతమందికుంటుంది ఆ అదృష్టం!"